చౌక రైఫిలుకు ఖరీదైన హంగులు

2024 ఆగస్టు 1న ప్యారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో స్వప్నిల్ కుసాలే కాంస్య పతకం గెలిచినప్పుడు దేశం యావత్తూ హర్షించింది. కొల్హాపూర్ జిల్లాలోని కంబళ్‌వాడి అనే చిన్న గ్రామంలో పుట్టి, మధ్య రైల్వేలో టికెట్ కలెక్టరుగా పనిచేస్తున్న యువకుడు ఆ స్థాయికి ఎదగడం విశేషమే. అయితే ఆ క్రీడకు కావలసిన రైఫిలు ఎక్కడి నుంచి వస్తుంది, దానికి అమర్చే ఒక్కొక్క భాగం ఎంత ఖరీదు చేస్తుంది అన్న ప్రశ్న మాత్రం సంబరాల మధ్య అంతగా చర్చకు రాలేదు. అంతర్జాతీయ పోటీల్లో మనవారు పట్టే రైఫిళ్లు దాదాపు అన్నీ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండుల నుంచి దిగుమతి అయ్యేవే. మేలురకం ఎయిర్ రైఫిలు ఒకదాని ధర కొన్ని వేల యూరోలు. మధ్యతరగతి కుటుంబానికి అది ఇల్లు కట్టుకోవడానికి చేసే అప్పు వంటిదే.

ఖచ్చితమైన గురి అంటే ఖరీదైన గురి అన్న ఈ సూత్రం అన్ని దేశాల్లోనూ చెల్లడం లేదు. అమెరికాలో గడచిన పాతికేళ్లలో అది తలకిందులయింది. అక్కడ జరిగినదంతా మెచ్చుకోదగినది కాదు. కాని దాని వెనుక ఉన్న ఆర్థిక సూత్రం మన క్రీడా విధాన నిర్ణేతలు గమనించదగినది.

ఒకప్పుడు అమెరికాలో సైతం దూరపు లక్ష్యాన్ని తప్పకుండా కొట్టే రైఫిలు కావాలంటే నిపుణుడైన తుపాకి మేస్త్రీని ఆశ్రయించవలసిందే. 1962లో మార్కెట్లోకి వచ్చిన రెమింగ్టన్ 700 రైఫిలును కొని, దాని గొట్టం తీసివేసి మెరుగైన గొట్టం బిగించి, లోపలి ఉక్కు భాగాలను లేత్‌పై సరిచేయించి, చెక్క స్టాకును కొత్తగా అమర్చుకొనేవారు. మేస్త్రీ కూలి రైఫిలు ధరను మించిపోయేది. కంప్యూటరుతో నడిచే యంత్రాలు వచ్చిన తరువాత ఈ పరిస్థితి మారింది. ఉక్కు గొట్టాలను యంత్రపు సుత్తులతో సాగదీసి చేసే పద్ధతి వ్యాపించింది. వాల్‌నట్ కర్ర స్థానంలో అచ్చులో పోసిన ప్లాస్టిక్ స్టాకు వచ్చింది. 2012లో రూగర్ కంపెనీ 449 డాలర్ల ప్రకటిత ధరకు ‘అమెరికన్’ అనే రైఫిలును విడుదల చేసింది. 2015లో అదే కంపెనీ ‘ప్రెసిషన్ రైఫిల్’ పేరిట 1,399 డాలర్లకు మరొకటి తెచ్చింది. అంతకు ముందు మేస్త్రీ చేతి పనితో మాత్రమే దొరికే గురి కర్మాగారపు పెట్టెలోనే దొరకసాగింది.

అంతటితో ఆగి ఉంటే ఇది మామూలు పారిశ్రామిక ప్రగతి కథే అయ్యేది. చౌకగా రైఫిలు కొన్నవారు మిగిలిన సొమ్మును దాచుకోలేదు. ట్రిగ్గరు మార్చారు, స్టాకు తీసివేసి అల్యూమినియం చట్రం తగిలించారు. ముందు భాగాన రెండు కాళ్ల ఆధారం, గొట్టం కొసన అదురు తగ్గించే అమరిక, వీటన్నిటికన్నా ఖరీదైన దుర్భిణి చేరాయి. 2012లో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీలు ఈ మోజును మరింత పెంచాయి. ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అని హైదరాబాదులో అనే మాట అమెరికా తుపాకి దుకాణాలకు సరిగ్గా సరిపోతుంది. రైఫిలుపై లాభం సన్నగిల్లిన కొద్దీ విడిభాగాల వ్యాపారం బలిసింది. ట్రిగ్గర్లు మాత్రమే చేసేవారు, స్టాకులు మాత్రమే చేసేవారు, కొలతకు తగిన గొట్టాలు మాత్రమే అమ్మేవారు ఎవరికి వారు ప్రత్యేక పరిశ్రమగా నిలదొక్కుకొన్నారు.

కొలతల మహిమ

ఈ పరిశ్రమ కేవలం మోజు మీద నిలవలేదు. దానికి పునాది కొలతలు. రెమింగ్టన్ 700 విస్తారంగా అమ్ముడుపోవడంతో దానికి సరిపోయే స్టాకులు, ట్రిగ్గర్లు అనేకులు తయారు చేశారు. అవి మార్కెట్లో పుష్కలంగా ఉన్నందువల్ల, ఆ తరువాత వచ్చిన ఇతర కంపెనీలు తమ రైఫిళ్లను సైతం అదే కొలతలకు తయారు చేయసాగాయి. రెమింగ్టన్ కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా పిటిషన్ వేసింది. రెండోసారి దాని ఆస్తులు ముక్కలుగా అమ్ముడుపోయాయి. కంపెనీ మునిగింది కాని దాని కొలత మునగలేదు. నేటికీ ఎందరో తయారీదారులకు అదే ప్రమాణం.

సావేజ్ కంపెనీ కథ మరొక తీరు. 1958 నాటి దాని 110 మోడల్‌లో గొట్టాన్ని ఒక పెద్ద నట్టుతో బిగించే ఏర్పాటు ఉంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఉపకరించిన ఆ నట్టు, దశాబ్దాల తరువాత, సొంతదారు ఇంట్లోనే రెంచీతోను, కొలత పనిముట్లతోను గొట్టం మార్చుకొనే వీలు కల్పించింది. మేస్త్రీ అవసరం తప్పింది. కొత్త గొట్టాలు అమ్మేవారికి అదే ఒక మార్కెట్ అయింది. పొదుపు కోసం చేసిన పని పక్కవారికి జీవనోపాధి కావడం వాణిజ్యంలో అరుదేమీ కాదు.

చట్టం కూడా ఈ వ్యాపారానికి అండగా నిలిచింది. 1968 నాటి అమెరికా తుపాకుల నియంత్రణ చట్టం రైఫిలులోని రిసీవరును, అంటే గొట్టాన్నీ ట్రిగ్గరునూ కలిపి పట్టి ఉంచే ఉక్కు చట్రాన్ని, తుపాకిగా పరిగణిస్తుంది. సైలెన్సరు వంటి కొన్నింటిని మినహాయిస్తే, ఆ సమాఖ్య చట్టం ప్రకారం మిగిలిన భాగాలు తపాలాలో నేరుగా ఇంటికి రావచ్చు. ఈ స్వేచ్ఛకు చీకటి కోణమూ ఉంది. అసంపూర్తిగా ఉన్న రిసీవరును విడిభాగాలతో కలిపి అమ్మి, సీరియల్ నంబరు లేని తుపాకులను ఇంటింటా తయారు చేసుకొనే వీలు కల్పించిన వ్యాపారం అక్కడ పెద్ద వివాదమయింది. వాటిని అదుపు చేస్తూ 2022లో తెచ్చిన నిబంధనను 2025 మార్చిలో ఆ దేశపు సుప్రీంకోర్టు సమర్థించవలసి వచ్చింది.

కాబట్టి మన హోం శాఖ విడిభాగాల పట్ల జంకడాన్ని తప్పుపట్టలేము. బీహారులోని ముంగేర్‌లో లైసెన్సుతో తుపాకులు చేసే యూనిట్లు దశాబ్దాలుగా ఉన్నప్పటికీ, ఆ పట్టణం పేరు దొంగ తుపాకులకే ఎక్కువగా వినిపిస్తుంది. పాకిస్తాన్‌లో పెషావర్‌కు దక్షిణాన ఉన్న దర్రా ఆదంఖేల్ సంగతి చెప్పనక్కరలేదు. ఏ దేశపు తుపాకికైనా అక్కడ నకలు చేయగలరు. ఉపఖండంలో పనితనానికి లోటు లేదు. అది ఏ దారిన పోతుందన్నదే సమస్య.

మన చట్టం చూపు

1959 నాటి భారత ఆయుధాల చట్టం ‘ఆయుధాలు’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో వాటి భాగాలను, వాటిని తయారు చేసే యంత్రాలను సైతం చేర్చింది. గుండు పేలుడును తట్టుకొనే గొట్టానికీ, భుజానికి ఆనించే పలకకూ ఆ మాటలో భేదం కనిపించదు. 1980 దశకం మధ్య నుంచి తుపాకుల దిగుమతి సామాన్యులకు మూసుకుపోయింది. నిర్ణీత ప్రమాణం అందుకొన్న షూటర్లకు, రైఫిల్ క్లబ్బులకు మాత్రం క్రీడా శాఖ సిఫారసుపై అనుమతి లభిస్తుంది. ప్రమాణం అందుకోవాలంటే మంచి రైఫిలు కావాలి, మంచి రైఫిలు కావాలంటే ప్రమాణం అందుకొని ఉండాలి! ఈ చిక్కుముడిలో తొలి మెట్టున ఉన్నవారే ఎక్కువగా నలుగుతున్నారు.

దేశీయ ఉత్పత్తి వైపు చూస్తే, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిలు పేరుకు మాత్రమే క్రీడలది. ఒలింపిక్ పోటీలకూ దానికీ సంబంధం లేదు. 2001లో ఆయుధాల తయారీలోకి ప్రైవేటు రంగాన్ని అనుమతించారు. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విభజించారు. ఈ సంస్కరణలన్నిటి దృష్టీ సైన్యం అవసరాల మీదనే.

ఎయిర్ రైఫిలు విషయంలో మాత్రం చట్టం తలుపు తెరిచే ఉంది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 20 జూల్స్ మించని శక్తి, పాయింట్ 177 అంగుళాలు మించని రంధ్రం ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు. 10 మీటర్ల ఒలింపిక్ పోటీకి వాడేది ఈ కోవలోనిదే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో హైదరాబాదు వాసి గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. హైదరాబాదుకే చెందిన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించింది కూడా ఇందులోనే. మహారాష్ట్రలోని థాణే జిల్లాలో, ఉక్కులో లోతైన రంధ్రాలు తొలిచే యంత్రాలు చేసే ప్రెసిహోల్ సంస్థ ఆ నైపుణ్యంతోనే ఎయిర్ రైఫిళ్ల తయారీకి దిగింది. రంధ్రం తొలవడం తెలిసినవారు గొట్టం చేయడం సహజమే కదా. కొన్ని వేల రూపాయలకు దొరికే దేశీయ ఎయిర్ రైఫిళ్లు అభ్యాసకులకు కొంత ఊరటనిచ్చాయి.

మరి చిక్కెక్కడ? చిక్కంతా విడిభాగాల వద్దనే ఉంది. ఈ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దుర్భిణి వాడరాదు. చిన్న రంధ్రం గుండా కంటితోనే చూడాలి. చెంప ఆనే చోటు, భుజానికి తగిలే పలక, చేయి పట్టే పిడి మనిషి ఒంటికి సరిగ్గా ఒదగకపోతే ఎంత మంచి గొట్టమైనా దండగే. పదమూడేళ్ల బాలిక ఏడాదిలో రెండు మూడు అంగుళాలు పెరగవచ్చు. రైఫిలు ఆమెతోపాటు పెరగాలి. క్లబ్బుల్లో ఒకే రైఫిలును నలుగురైదుగురు పంచుకొన్నప్పుడు ఒకరి తరువాత ఒకరు మరలు తిప్పుకొంటూ, తమ అమరికను మళ్లీ వెతుక్కొంటూ విలువైన సాధన సమయాన్ని పోగొట్టుకొంటున్నారు. ఎవరి పలక వారికి, ఎవరి చెంపదిమ్మ వారికి ఉంటే ఉమ్మడి రైఫిలు సైతం సొంత రైఫిలు వలె పనిచేస్తుంది. అవి కొద్దిపాటి అల్యూమినియం, కొన్ని మరలు తప్ప మరేమీ కావు. వాటికి కూడా జర్మనీ వైపే చూడవలసి వస్తోంది.

విడిభాగం విలువ ఏమిటో 2021 జులైలో టోక్యోలో మను భాకర్‌కు తెలిసివచ్చింది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ నడుమ ఆమె పిస్టల్ కాకింగ్ లీవరు మొరాయించింది. మరమ్మతుకే విలువైన నిమిషాలు గడచిపోయాయి. 575 పాయింట్లతో ఆమె 12వ స్థానంలో మిగిలిపోయింది. ఫైనల్‌కు ఎనిమిదిమందికే ప్రవేశం. మూడేళ్ల తరువాత ప్యారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలుచుకొంది. తొలినాటి నష్టం ప్రతిభది కాదు, ఒక చిన్న లోహపు ముక్కది.

గాలి నింపే సిలిండరు సంగతి ఇంకా విడ్డూరం. భద్రత దృష్ట్యా దాని ఆయుష్షు పదేళ్లకు మించరాదని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం. గడువు చూసుకోవలసిన బాధ్యత షూటరుదే. ఫలితంగా, ఎవరో వాడి అమ్మిన రైఫిలును చౌకగా కొన్న కుర్రవాడు కొంతకాలానికే కొత్త సిలిండరు కోసం దిగుమతిదారుని గుమ్మం ఎక్కవలసి వస్తుంది.

ఈ భాగాలు చేయడం మనవారికి అసాధ్యం కాదు. హైదరాబాదులోని బాలానగర్ చిన్న పరిశ్రమలు రక్షణ, విమానయాన సంస్థలకు ఇంతకన్నా సున్నితమైన భాగాలు అందిస్తున్నాయి. మేలైన గొట్టం, పెల్లెట్ల తయారీ నిజంగా కష్టసాధ్యమే. ఒకే కంపెనీ పెల్లెట్లలో ఒక లాటుకూ మరొక లాటుకూ తేడా చూసి, తమ గొట్టానికి నప్పే లాటును ఏరుకొనే షూటర్లు నాటుసరుకును నమ్మరు, నమ్మనవసరమూ లేదు. కాని పలకలకూ పిడులకూ ఆ అడ్డంకి లేదు. లోపించింది కొలతల ఉమ్మడితనం, నికరమైన కొనుగోలుదారు. జాతీయ రైఫిల్ సంఘం, క్రీడా ప్రాధికార సంస్థ కలసి ఒక ప్రామాణిక కొలతల పట్టికను ప్రచురించి, తమ శిక్షణ కేంద్రాలకు కావలసిన పలకలు, చెంపదిమ్మలు, పిడులు ఆ కొలతల ప్రకారమే కొంటామని ప్రకటిస్తే, చిన్న పరిశ్రమలు వాటంతట అవే ముందుకు వస్తాయి. పాయింట్ 22 రైఫిళ్ల విషయంలో హోం శాఖ గొట్టం, రిసీవరు, ట్రిగ్గరులపై ఇప్పటి కట్టుదిట్టాన్ని అలాగే ఉంచి, పేలుడుతో సంబంధం లేని భాగాలను క్రీడా సామగ్రిగా పరిగణిస్తూ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. చెంపదిమ్మతో ఎవరూ దొంగ తుపాకి చేయలేరు.

ఆలస్యానికి తావు తక్కువ. 2018లో తయారైన సిలిండర్ల గడువు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగే 2028లోనే తీరిపోతుంది.