పాతయంత్రముల విరమణ

ప్రభుత్వ కార్యాలయములలోని పాత కంప్యూటరు యంత్రములను తొలగించి క్రొత్తవానిని నెలకొల్పుట యిప్పుడు పరిపాటియైనది. ప్రారంభోత్సవము జరుగును, ఉపన్యాసములు జరుగును. పాతయంత్రము గర్భమున నున్న లెక్క యేమయ్యెనని యడుగువారు మాత్రము తక్కువ. భూవసతి గలవారికి ముఖ్యమైనది ఆ లెక్కయే గాని యంత్రము గాదు.

ఈ పనిలో హైదరాబాదువారిని మించిన నేర్పరులు లోకమున నరుదు. 2000 సంవత్సరము సమీపించినపుడు, సంవత్సరమును రెండంకెలతోనే వ్రాయుట కలవాటుపడిన పాత యంత్రములు దానిని 1900 గా భ్రమించునను భయము దేశదేశముల వ్యాపించెను. అమీరుపేట శిక్షణాలయములలో కోబాలు భాష నేర్చిన మన యువకులు సముద్రములు దాటి, మెయిన్‌ఫ్రేములను మహాయంత్రములను సరిదిద్దివచ్చిరి. (పేరు పెద్దదైనను దాని పని గుమాస్తా పనియే: లెక్కలు వ్రాయుట, దాచుట.) నేటికిని మాదాపూరు, గచ్చిబౌలి మేడలలో కూర్చుండి విదేశీయ బ్యాంకుల, బీమాసంస్థల మెయిన్‌ఫ్రేములను రాత్రింబవళ్లు కనిపెట్టియుండువారిలో మనవారనేకులు. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగభృతి దరఖాస్తుల భారమునకు న్యూజెర్సీ రాష్ట్రపు పాతయంత్రములు క్రుంగిపోగా, కోబాలు తెలిసినవారు వచ్చి ఆదుకొనవలెనని అచ్చటి గవర్నరు బహిరంగముగా వేడుకొనెను. ధనికరాష్ట్రమునకే యంతటి పాటు! యంత్రము ముసలిదగుటకంటె దాని మర్మ మెఱిగినవారు లేకపోవుటయే పెద్ద ప్రమాదము.

ఈ వివేకము మనకు నొకప్పుడుండెను. 1978 లో ఐ.బి.యం. కంపెనీ భారతదేశమును వీడిపోగా, అది విడిచిన యంత్రముల సంరక్షణను ప్రభుత్వసంస్థయైన సి.యం.సి. చేపట్టి చక్కగా నిర్వహించెను. అట్టి సంస్థను 2001 లో ప్రైవేటు చేతుల కప్పగించిరి. వచ్చిన సొమ్ము ఖజానా లెక్క కెక్కెను గాని, పోయిన నేర్పు ఏ లెక్కకు నెక్కలేదు.

ఇక మన భూముల సంగతి. సైబర్ టవర్సు తెఱవబడిన 1998 లోనే ‘కార్డ్’ అను పేర రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినవి. తెలంగాణములో 2020 అక్టోబరు 29 న వ్యవసాయభూములకు ధరణి వచ్చెను. 2025 ఏప్రిల్ 14 న దాని స్థానమున భూభారతి వచ్చెను. అమెరికా పన్నుల శాఖ 1960 దశకపు ప్రోగ్రాములతో ఆరు దశాబ్దములు గడపగా, మన మొక పద్ధతికి అయిదేండ్లు నిండకుండనే విరమణ మిచ్చితిమి. మార్పు వలదని మా యభిప్రాయము కాదు. ధరణిలో తప్పుపడిన సర్వేనెంబరును దిద్దించుకొనుటకు రైతులు కలెక్టరు కార్యాలయముల చుట్టు తిరిగిన తిరుగుడు అందఱెఱిగినదే. కాని కాగితమునందలి తప్పు ధరణిలోనికిని, ధరణిలోని తప్పు భూభారతిలోనికిని యథాతథముగ నెక్కినచో, మారినది పేరు మాత్రమే యగును.

బ్యాంకు యంత్రమును మార్చునపుడు మన కుఱ్ఱవారే పాతదానిని క్రొత్తదానిని కొంతకాలము ప్రక్కప్రక్కన నడిపి, పైసకు పైస సరిచూతురు. పరదేశపు ఖాతాదారునకు జరుగు నీ మర్యాద మన పట్టాదారున కేల జరుగరాదు? ప్రతి రైతునకు అతని భూమి లెక్క పాతదియు క్రొత్తదియు ఒకే కాగితముపై తెలుగున అచ్చొత్తి యిచ్చి, గుంట తేడా యున్నను గ్రామసభలోనే విచారించి, అతని సంతకము గైకొనవలెను. అంతవఱకు పాతలెక్క యెల్లరకు చూడవీలుగా నుండవలెను. ఇందులకు వలయు పనివారిని వెదకుటకు సచివాలయము నుండి మాదాపూరు దాక పోయిన చాలును.