గీతకి అటువైపు ఇల్లు

గూగుల్ మ్యాప్స్‌లో స్పెల్లింగ్ చూసి ‘బుర్ర’ అనుకున్నా. ఇక్కడోళ్లు ‘బర్రా’ అంటారు. మా రూమ్మేట్‌కి మాత్రం అది ఇప్పటికీ ‘బర్రె’నే! ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఉత్తరంగా 160 కిలోమీటర్లు. లాంగ్ వీకెండ్ కదా అని కారు తీశాం.

1845లో ఇక్కడ రాగి బయటపడింది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్లు పెళ్లాంపిల్లల్తో సహా దిగిపోయారు. ఇళ్లు చాలక వాగు గట్టునే తొలుచుకుని కాపురాలు పెట్టారు. 1851 నాటికి అలా ఉన్నవాళ్లు దాదాపు 1,800 మంది. అదే ఏడాది వరదలొచ్చి ఆ కాపురాలు చెదిరిపోయాయి. మిగిలిన గుహల్లోకి వంగి వెళ్లాలి. నేను సరిగ్గా వంగలేదు, బుర్ర బొప్పి కట్టింది.

1877లో గని మూతపడింది. ఊరు మాత్రం గొర్రెల్ని, గోధుమల్ని నమ్ముకుని నిలబడింది.

అసలు కథ ఊరు దాటాక ఉంది. 1865లో పెద్ద కరువు. సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్‌డర్ గుర్రమెక్కి ఊళ్లు తిరిగి, ఎక్కడ ఏ మొక్క బతుకుతోందో చూసి మ్యాప్ మీద ఒక గీత గీశాడు. గీతకి దక్షిణాన సేద్యం చేసుకోండి, ఉత్తరాన వాన్ని నమ్మొద్దు అని. శాటిలైట్ లేదు, ఎక్సెల్ షీట్ లేదు. తర్వాత కొన్నేళ్లు వానలు బాగా పడ్డాయి. నాగలి వెళ్తే దాని వెనకే వాన వస్తుందని జనం నమ్మారు. 1874లో ప్రభుత్వం కూడా ఆ హద్దు ఎత్తేసింది. 1880ల్లో మళ్లీ కరువు. చాలామంది రాతి ఇళ్లు అలాగే వదిలేసి వెనక్కొచ్చేశారు.

అలాంటి ఓ మొండిగోడల ఇంటి ముందు నిలబడి ఉండగా నాయన వీడియో కాల్ చేశాడు, అనంతపురం నుంచి. మూడు బోర్లు ఎండిపోయాయి. నాలుగోది వేయించాలి, రెండు లక్షలు కావాలి.

“ఈసారి టెంకాయతో చూపిచ్చినాం రా. పాయింట్ గట్టిది.”

ఏం చెప్పాలో తెలీక కెమెరా ఇంటి వైపు తిప్పాను.

“ఎవురిది రా ఆ ఇల్లు? పైకప్పు లేదే?”

“రైతులది నాయనా. వాన వస్తాదని నమ్ముకోని వచ్చినారంట.”

కాసేపు మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నా.

“ఎనకాల ఆ గొర్రెలు ఎవురివి? జత ఎంత పలుకుతాదో అడగరాదూ?”

ఇంకా డబ్బు పంపలేదు. పంపనని కూడా చెప్పలేదు. గొర్రెల రేటు మాత్రం కనుక్కుంటున్నా.