సాయం సరే, సంతకం ఎప్పుడు?

మన సంఘం సమావేశాల్లో ఎవరైనా ఒక సామాజిక విషయం ఎత్తగానే వినిపించే మాట ఒకటుంది: "అవన్నీ రాజకీయాలండీ, మనకెందుకు?" ఈ మాటలో సగం నిజముంది. మనకు అన్నం పెడుతున్న ఈ దేశంలో మనం అతిథులం. ఇక్కడ ఊరేగింపులు తీయడం, నినాదాలు చేయడం మన పని కాదు. అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేసినా నేరమే. ఈ హద్దులు మనందరికీ తెలుసు, వాటిని గౌరవిస్తున్నాం కూడా. అయితే మన జేబులో ఉన్న పాస్‌పోర్టు భారతదేశానిది. ఆ దేశంలో, మన రెండు రాష్ట్రాల్లో, ప్రభుత్వాలు ఏమి చేయాలో ఏమి చేయకూడదో చెప్పే హక్కు ముసాందం నుంచి సలాలా దాకా ఎక్కడున్నా మనకుంది. ఆ హక్కును కూడా మూటగట్టి అటక మీద పెట్టేశాం.

సాయం చేయడంలో మనవాళ్లకు వంక పెట్టలేం. రూవీలోనో, బర్కాలోనో, సొహార్‌లోనో ఒక తెలుగు కార్మికుడు పోయాడని తెలిస్తే రాత్రికి రాత్రి ఫోన్లు కదులుతాయి. ఎంబసీ కాగితాలు ఒకరు చూస్తారు, ఆస్పత్రి కాగితాలు మరొకరు. వైద్యుణ్ణి గనుక ఆ రెండో పని తరచు నా వంతుకు వస్తుంది. యజమాని ఇంటి నుంచి బయటపడిన గోదావరి జిల్లాల ఆడపడుచు ఎవరైనా కనిపిస్తే, ఆమె ఊరు చేరేదాకా నిద్రపోని దంపతులు మనలో ఉన్నారు. వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కాని మరుసటి నెల ఇంకొకామె వస్తుంది. ఆ పై నెల మరొకామె. ఇన్నేళ్లుగా మనం నీళ్లు తోడుతున్నామే గాని పడవకు చిల్లు ఎక్కడుందో చూడడం లేదు.

ఆ చిల్లు ఎక్కడో అందరికీ తెలిసిందే. 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసు కానివారు ఒమన్ వంటి 18 దేశాలకు పనికి రావాలంటే వలస అనుమతి పొందాలి. ఆ వర్గంలోని స్త్రీలకైతే 30 ఏళ్లు నిండాలి. పైగా 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారా మాత్రమే పంపాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంకాప్ ఉన్నవి అందుకే. నిబంధన మంచిదే. కాని ఊళ్లోని ఏజెంటు ఆమె చేతిలో విజిట్ వీసా పెట్టి విమానం ఎక్కిస్తాడు. ఆ క్షణంతో ఆమె ప్రభుత్వ లెక్కలో లేకుండా పోతుంది. వలస అనుమతితో వచ్చేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే ప్రమాదంలో మరణించినవారి కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద వచ్చిన మనిషికి ఆ బీమా ఉండదు, నమోదైన ఒప్పందమూ ఉండదు. ఏజెంటుకు లక్ష ఇచ్చిన మనిషి 375 రూపాయల రక్షణ పోగొట్టుకుంటుంది! దీన్ని మనం కొనిపెట్టే విమానం టిక్కెట్టు సరిచేయలేదు. హైదరాబాదు, అమరావతి, ఢిల్లీ సరిచేయాలి. అవి వాటంతటవి కదలవు.

ఎలా కదులుతాయో మన తరానికి ఒకసారి కళ్లెదుటే కనబడింది. మనలో చాలామంది అప్పుడు బడిలోనో ఇంటర్మీడియట్‌లోనో ఉన్నాం. నెల్లూరు జిల్లాలో 1990 తరువాత అక్షరదీపం పేరిట సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం సాగింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రిబడికి వచ్చి పలక పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. ఒక ఊరి ఆడవాళ్లు కూడబలుక్కుని సారాను తరిమేసిన కథ అది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన స్త్రీలు, ఇది కథగా ఎందుకుండాలి అనుకున్నారు. సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, ఆమె దూబగుంట రోశమ్మ అయింది. ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా ప్యాకెట్ల బండ్లను అడ్డుకున్నారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. వాయిదా వేస్తే మళ్లీ వచ్చారు.

ఇక్కడ గమనించవలసిందేమిటంటే, వాళ్లను పోగుచేసింది ఏ పార్టీ కాదు. పార్టీలు తరువాత వెంటబడ్డాయి. పోగుచేసింది రాత్రిబడి. నలుగురు ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చోవడానికి ఒక మర్యాదైన కారణం దొరికింది. అక్షరాల మధ్య తమ ఇంటి లెక్కలు మాట్లాడుకున్నారు. మొగుడి కూలిలో సారాకెంత, బియ్యానికెంత అన్న లెక్క ఎవరి ఇంట్లో చూసినా ఒకటే అని తెలిసింది. అంతవరకూ ఎవరి కర్మ వారిదనుకున్నది ఊరందరి సమస్య అని తేలింది. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ప్రభుత్వమే సారా సరఫరాకు పూనుకున్న వారుణివాహిని నాటి రోజులు గుర్తున్నవారికి ఇది ఎంత పెద్ద మలుపో తెలుస్తుంది. అయితే 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు డబ్బు కావలసి వచ్చింది, వేలంపాటల ముందు నిలిచిన ఆ గుంపులు అప్పటికి లేవు. సారా మాత్రం తిరిగి రాలేదు. గెలుపు ఎంతవరకు నిలిచిందో, ఎంతవరకు జారిందో రెండూ చెప్పుకోవాలి.

మస్కట్‌లో మన పక్క ఫ్లాట్లోనే ఉండే మలయాళీలను చూడండి. కేరళ ప్రభుత్వం ప్రవాసుల కోసం నోర్కా శాఖను 1996లోనే పెట్టింది. 2008లో ప్రవాసుల సంక్షేమ చట్టం చేసింది, పింఛను ఏర్పాటు చేసింది. వారికేదో దయగల ప్రభుత్వం దొరికిందని కాదు. గల్ఫులో ఉన్న కొడుకు మాట విని ఓటు వేసే కుటుంబం ప్రతి వీధిలోనూ ఉందని అక్కడి నాయకుడికి తెలుసు. మనకూ లెక్కలున్నాయి. 2010 సవరణతో విదేశాల్లోని భారత పౌరులకు ఓటరుగా నమోదయ్యే హక్కు వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి అలా నమోదైనవారు దేశం మొత్తం మీద 1,19,000 పైచిలుకు. అందులో దాదాపు 89,000 మంది ఒక్క కేరళవారే. ఆంధ్రప్రదేశ్ వారు 8,000 లోపు. స్వయంగా వెళ్లి ఓటు వేయవలసి రావడంతో పోలింగు నాడు వచ్చినవారు అంతటా తక్కువే, అది వేరే సంగతి. అసలు జాబితాలోనే లేనివాడి కోసం ఏ నాయకుడు పూనుకుంటాడు?

అదే 2024లో ఎందరో తెలుగువారు దేశదేశాల నుంచి సెలవులు పెట్టి, సొంత ఖర్చుతో వెళ్లి తమ పార్టీలకు ప్రచారం చేశారు. అంటే మనకు రాజకీయాలు పడవన్నది నిజం కాదు. నాయకుడి కోసం కదులుతాం, కులం కోసం కదులుతాం, సినిమా హీరో కోసం తెల్లవారుజామునే లేచి కదులుతాం. లేబరు క్యాంపులో ఉన్న జగిత్యాల మేస్త్రీ కోసం, వంటింట్లో ఉన్న రాయచోటి ఆమె కోసం కదలమంటేనే "రాజకీయాలు" గుర్తుకొస్తాయి. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

అడిగితే వస్తుందనడానికి దూరం పోనక్కరలేదు. గల్ఫ్ కార్మిక సంఘాలు, మృతుల కుటుంబాలు ఏళ్ల తరబడి అడగగా అడగగా, 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ అడిగినవారిలో డాక్టర్లు, ఇంజనీర్లు ఎందరున్నారని నన్ను అడగకండి. ఇక్కడి ప్రభుత్వం సైతం మారుతూనే వచ్చింది. ఒప్పందం ముగిసిన కార్మికుడు మరో చోట చేరడానికి పాత యజమాని నిరభ్యంతర పత్రం కావాలన్న నిబంధన 2021 జనవరితో పోయింది. ఆ సంగతి మన కార్మికులలో చాలామందికి చాలా ఆలస్యంగా తెలిసింది. కొందరు ఆ పత్రం కోసం డబ్బు కూడా పోసుకున్నారు. తెలుగులో చదివి చెప్పేవాళ్లు లేకనే గదా?

అందుకని నా ప్రతిపాదన చిన్నది. కావలసిన అనుమతి తీసుకుని, శుక్రవారం ఒక గంట బడి నడుపుదాం. అక్కడ చెప్పవలసింది అ ఆ లు మాత్రమే కాదు. వీసా మీద ఏ పని రాసి ఉందో, ఒప్పందంలో జీతం ఎంత వేశారో, సెలవు ఎన్నాళ్లో, ఎంబసీ ఓపెన్ హౌస్‌కు ఎలా వెళ్లాలో చెప్పాలి. ఇంటి పనివారికి శుక్రవారం సెలవే ఉండదంటారా, నిజమే. వారు రాగలిగిన చోటికి మనమే వెళ్లాలి. రూవీ, ఘలా చర్చి ప్రాంగణాలకు ప్రార్థనకు వచ్చేవారున్నారు, క్లినిక్కుల్లో పిల్లలను ఎత్తుకుని కూర్చునేవారున్నారు. మన ఇళ్లల్లో పని చేసేవారి సంగతి సరేసరి. వారికి వారానికొక రోజు సెలవు ఇవ్వడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

రెండోది, రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ ఒక అర్జీ. విజిట్ వీసా మీద మనుషులను పంపే ఏజెంట్ల మీద కేసులు పెట్టి వాటిని చివరిదాకా నడపాలి. టామ్‌కామ్, ఓంకాప్ కార్యాలయాలు రాజధాని దాటి వలసలెక్కువగా ఉన్న మండలాలకు పోవాలి. ఆంధ్రలో గల్ఫు మృతుల కుటుంబాలకు తెలంగాణ మాదిరి సాయం ఉత్తర్వు రావాలి. కింద సంతకాలు కార్మికులవీ మనవీ కలిసి, ఒకే కాగితం మీద ఉండాలి. డాక్టర్ల సంతకాలకు విడిగా పేజీ వద్దు.

మూడోది ఈ పండుగ నాడే మొదలుపెట్టవచ్చు. భోజనాల హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల వేస్తున్నాం. ఓటరు నమోదుకు ఫారం 6ఏ నింపిపెడతాం. ఒక ఫొటో, పాస్‌పోర్టులో ఫొటోతోపాటు మీ ఊరి చిరునామా ఉన్న పేజీల నకలు, చెల్లుబాటులో ఉన్న వీసా పేజీ నకలు తెచ్చుకోండి. మీ డ్రైవరుకూ, మీ ఇంట్లో పనిచేసే ఆమెకూ చెప్పి తీసుకురండి.