హస్తవాసి ఒక్కటే చాలదు

పల్లెల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదని విని వెతుక్కుంటూ వెళ్లడం పరిపాటి. అయితే డాక్టరుది ఎంత చేయి తిరిగిన పనైనా, పక్కనున్న నర్సు మాట చెవిన పెట్టకపోతే రోగి ప్రాణం మీదికి రావచ్చునని వైద్యలోకం గుర్తించింది. అందుకే చెప్పడం, వినడం, పని పంచుకోవడం కూడా డాక్టర్లకు పాఠంగా నేర్పుతున్నారు. అదీ రోగి మీద కాదు, బొమ్మ మీద.

ఈ శిక్షణ ఎంతో అవసరమైన విభాగాల్లో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ ఒకటి. పెద్ద కోత లేకుండా తొడ వద్దో, మణికట్టు వద్దో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర చూస్తూ చేసే వైద్యమిది. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డాక్టర్ చార్లెస్ డాటర్ 82 ఏళ్ల వృద్ధురాలి కాలిలో పూడుకుపోయిన రక్తనాళాన్ని ఇలాగే తెరిచి, కాలు తీసేయవలసిన అవసరం తప్పించారు.

ఇందులో చిక్కు ఏమిటంటే, డాక్టరు చూపంతా తెర మీదే ఉంటుంది. లోపల రక్తం కారుతున్నా పైకి కనిపించదు. నాళాలు తెరపై కనబడేందుకు ఎక్కించే మందు కొందరికి పడదు. బీపీ పడిపోతున్న సంగతి ముందుగా నర్సో, టెక్నీషియనో గమనించవచ్చు. పెద్ద డాక్టరుకు ఎలా చెప్పడమని వారు జంకితే ముప్పు తప్పదు.

ఈ గుణపాఠం మొదట విమానయానం నేర్చుకున్నది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. ముందున్న విమానం ఇంకా దారి తప్పుకోలేదేమోనని ఇంజనీరు అనుమానం వ్యక్తం చేసినా కెప్టెన్ ఆగలేదు. ఆ తర్వాతి ఏళ్లలో సిబ్బంది కలసి పని చేయడంపై పైలట్లకు శిక్షణ మొదలైంది.

బ్రిటన్‌లో 2005లో మార్టిన్ బ్రోమిలీ అనే పైలట్ భార్య మామూలు ఆపరేషన్‌కు వెళ్లి, మత్తు ఇచ్చాక శ్వాస అందక, కొద్ది రోజులకు మరణించింది. డాక్టర్లు అనుభవజ్ఞులే. గొంతు వద్ద రంధ్రం చేసే సామగ్రిని నర్సు తెచ్చి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. విమానాల్లో నేర్పే పాఠం ఆస్పత్రులకూ చేరాలని బ్రోమిలీ 2007లో ఒక సంస్థనే స్థాపించారు.

బొమ్మ శిక్షణ ఇలా సాగుతుంది. బల్లపై బొమ్మ రోగి ఉంటుంది. పక్కగదిలోని గురువు ఉన్నట్టుండి దాని బీపీ తగ్గిస్తాడు. శిక్షణలోని డాక్టరు కంగారు పడకుండా సాయం పిలవాలి. ఎవరు ఏ పని చేయాలో పేరు పెట్టి చెప్పాలి. విన్నవారు ఆ మాట తిరిగి అప్పజెప్పాలి. అయ్యాక అందరూ కూర్చుని లోపాలు చర్చించుకుంటారు. ఇక్కడ పొరపాటు జరిగినా పోయే ప్రాణం లేదు.

మాట పద్ధతి వల్ల ప్రయోజనం ఉందనడానికి ఆధారం లేకపోలేదు. ఆపరేషన్‌కు ముందు, తర్వాత సిబ్బంది పైకి చదివి సరిచూసుకోవలసిన 19 అంశాల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టింది. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో దాన్ని అమలు చేయగా మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడైంది.

మన దేశంలోనూ 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నీతి, సంభాషణ పాఠ్యాంశాలయ్యాయి. వైద్య కళాశాలల్లో నైపుణ్య ప్రయోగశాల ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోని పలు జిల్లాలకు ఇటీవల కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చిన దృష్ట్యా ఇది పల్లె రోగులకూ సంబంధించిన విషయమే.

బొమ్మలు కొని గదికి తాళం వేస్తే ప్రయోజనం శూన్యం. డాక్టర్లకు మాత్రమే నేర్పి నర్సులను, టెక్నీషియన్లను బయట ఉంచినా అంతే. నిజానికి మాట నేర్పడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక ఖాళీ మంచం, రోగిగా నటించే ఒక విద్యార్థి ఉన్నా చాలు. చిన్న ఉద్యోగి చెప్పినా పెద్ద డాక్టరు ఆగి వినే అలవాటు కళాశాలలోనే పడేలా అధికారులు శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.