‘బుద్ధి’ అంటే లోబడటమేనా?

మన ఇళ్లల్లో ఆడపిల్లకు చెప్పే మొదటి నీతి ‘బుద్ధిగా ఉండు’. ఇక్కడ బుద్ధి అంటే ఆలోచన కాదు. నోరు మెదపకుండా చెప్పింది చేయడం. ఎదురు ప్రశ్న వేస్తే ‘తెలివి మీరిపోయింది’ అంటారు. ఇంకా అడిగితే ‘బుద్ధి చెప్పడానికి’ చేయి లేస్తుంది. అప్పటికీ లొంగకపోతే స్త్రీ బుద్ధి ప్రళయాంతకమనే సామెత ఎలాగూ ఉంది! ఆలోచనకు పేరైన మాటే విధేయతకూ, దండనకూ పేరు కావడం యాదృచ్ఛికం కాదు. వివేకం మగవాడి సొత్తు, దానికి లోబడటం ఆడదాని ధర్మం అనే పితృస్వామ్య భావజాలం మన భాష మీద వేసిన ముద్ర అది.

ఈ ముద్రను చెరిపే ప్రయత్నం మనతో మొదలు కాలేదు. 1901లో ఈ కోఠి ప్రాంతంలోనే, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావును చరిత్రకారుడిగా అందరూ తలుచుకుంటారు. ఆయన అక్క బండారు అచ్చమాంబ బడికి వెళ్లలేదు. చిన్నతనంలోనే పెళ్లయింది. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. ఆ గ్రంథాలయం పుట్టిన 1901లోనే ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించింది. స్త్రీలు వివేకం లేనివాళ్లనీ, చదువు వాళ్లను చెడగొడుతుందనీ అనేవారికి స్త్రీల చరిత్రలనే సాక్ష్యంగా చూపించింది. కోపంతో సరిపెట్టుకోకుండా ఆధారాలు పోగుచేసి వాదించింది. హేతుబద్ధత అంటే అదే కదా!

1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల, తరువాత కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి చేరింది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. ఎన్నో తరాల అమ్మాయిలు ఆ మెట్లెక్కి పట్టాలు తీసుకున్నారు. ఆ పట్టాల్లో ఎన్ని పెళ్లిచూపుల్లో చెప్పుకునే అర్హతగా మిగిలిపోయాయి? చదివించారు సరే, నిర్ణయించనిచ్చారా?

ఆస్తి హక్కుల గురించి స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా నేను వినే మాట ఒకటుంది: “అన్నయ్య సంతకం పెట్టమన్నాడు, పెట్టేశాను.” ఏ కాగితం మీద అని అడిగితే చాలామంది చెప్పలేరు. చదువు రానివాళ్లే కాదు, ఎమ్మేలు చదివినవాళ్లూ చెప్పలేరు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్లికాని కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో కేంద్ర చట్టం దాన్ని పెళ్లయిన కూతుళ్లకూ, దేశమంతటికీ విస్తరించింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం కూతుళ్లకు కొడుకు వాటాలో సగమైనా మత న్యాయం ప్రకారమే ఉంది. అదీ ఎంతమంది చేతికి అందుతోంది?

వాటా వదులుకునే దస్తావేజు మీద సంతకం పెట్టించడానికి బలప్రయోగం అక్కర్లేదు. ‘పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా’, ‘కోర్టుకెక్కితే పుట్టింటి గడప తొక్కగలవా’ అన్న రెండు మాటలు చాలు. ఆ భయం అబద్ధమని నేననను. భర్త ఇంట్లో హింస ఎదురైతే వెళ్లడానికి ఆమెకు ఉన్నది ఆ గడప ఒక్కటే. అందుకే తెలిసి వదులుకున్న స్త్రీని నేను తప్పుపట్టను. ఏం పోతోందో, బదులుగా ఏం దక్కుతోందో తూచి చూసే అవకాశమే ఆమెకు ఇవ్వకపోవడం అన్యాయం. ప్రేమా, వివేచనా ఒకదానికొకటి శత్రువులు కావు. లెక్క అడిగితే తెగిపోయే ప్రేమ ఎవరి సుఖం కోసం నిలిచిందో మనం అడగాలి.

ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు ఉంది. ఏ పట్టా లేని ఆ పాలకుర్తి రైతు, 1940లలో తన కౌలు భూమినీ, పంటనీ కాజేయబోయిన విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. ఒంటరిగా కాదు, సంఘాన్ని తోడు తెచ్చుకుంది. పంట ఇంటికి చేర్చుకుంది. ఆమెకున్నది ధైర్యం మాత్రమే అంటే సగమే చెప్పినట్టు. భూమి ఎవరిది, చెమట ఎవరిది, బలం ఎక్కడ దొరుకుతుంది అన్న లెక్క ఆమెకు స్పష్టంగా తెలుసు.

వివేకం పుట్టుకతో వచ్చే వరం కాదు. అది అలవాటు. చదవడం, సందేహించడం, నలుగురితో చర్చించడం, తొందరపెట్టినప్పుడు గడువు అడగడం వల్ల పెరుగుతుంది. మంచి బతుకంటే ఏమిటో మనకోసం మరెవరో తేల్చేస్తుంటే హక్కులు చట్టాల పుస్తకాల్లోనే ఉండిపోతాయి. కోఠిలో చదివే ప్రతి అమ్మాయీ తన పాఠాలతో పాటు తన ఇంటి భూమి కాగితాలూ ఒకసారి చదవాలి. సంతకం అడిగితే వారం రోజులు ఆగమనాలి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగాలి. ఇంట్లో వాళ్లు ‘ఈమెకు బుద్ధి లేదు’ అనవచ్చు. అననివ్వండి. కాగితం పూర్తిగా చదివాకే కలం పట్టుకోండి.