పెంటదిబ్బ కూడా చరిత్రే

పేడకి చరిత్ర ఉందంటే మన కాలేజీలో నవ్వేవాళ్ళే ఎక్కువ. చరిత్రంటే రాజులు, కోటలు, శాసనాలు అని చిన్నప్పట్నుంచీ బట్టీ పట్టాం గదా! కానీ దక్కనులో తొలినాటి పశుపోషకులు మనకు విడిచిపోయిన పెద్ద గుర్తు కోట కాదు, గుడి కాదు. పేడ కాలిన బూడిద.

బళ్ళారి, రాయచూరు, అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లో ఈ బూడిద దిబ్బలున్నాయి. హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. తెల్లదొరల్లో కొందరు అగ్నిపర్వతం బూడిద అన్నారు. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఇది పశువుల పేడేనని 19వ శతాబ్దంలోనే చెప్పాడు. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) తవ్వకం జరిపాడు. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలు, లోపల పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. పేడ పోగవడం, దాన్ని కాల్చడం, మళ్ళీ దొడ్డి కట్టడం, ఇలా ఎన్నోసార్లు జరిగింది. మంట వేడికి కొన్నిచోట్ల బూడిద కరిగి గాజు చిట్టెంలా గట్టిపడింది. ఇదంతా 4,000 ఏళ్ళ కిందటి మాట.

ఆ కాలపు ఊళ్ళ మట్టిని నీళ్ళలో కడిగితే మాడిన గింజలు తేలాయి. వాటిలో ముఖ్యమైనవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. వరి కాదు సుమా! మనం పేదవాడి తిండి అని చులకన చేసే ఉలవలకున్న వంశవృక్షం ఏ జమీందారుకుంది?

మరి వాళ్ళేం భాష మాట్లాడారు? బూడిద ఆ మాట చెప్పదు. అయితే భాషల్లోనూ గిట్టల అచ్చులుంటాయి. మన పాలు తమిళంలో పాల్, కన్నడంలో హాలు, గోండిలో పాల్. ఇలాంటి మాటల్ని పోల్చి లెక్కగట్టిన 2018 నాటి పరిశోధన ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని తేల్చింది. రెండు కాలాలూ దగ్గర పడ్డంత మాత్రాన ఆ మందలవాళ్ళే మన భాషకు మూలపురుషులని తీర్పు చెప్పకూడదు. సైన్సు చదివేవాళ్ళం ఆ మాత్రం జాగ్రత్త పడాలి. కానీ ఒకటి నిజం. రైతు నోటి మాట కూడా సాక్ష్యమే.

ఇప్పుడా సాక్ష్యాలు రెండూ పోతున్నాయి. బూడిద మంచి ఎరువని ఎన్నో దిబ్బల్ని తవ్వి చేలకు తోలేశారు. రైతుని తిట్టి లాభం లేదు. దాని విలువ అతనికి చెప్పిందెవరు? మాటలదీ అదే గతి. మా నాయనకి మేడి, నొగ, కర్రు, చిక్కం రోజూ చేతికి తగిలిన వస్తువులు. మా తమ్ముడికి తెలిసినవి క్లచ్చి, గేరు. ట్రాక్టరు వద్దని నేననను. మడక దున్నినవాడి నడుం నొప్పి దున్నినవాడికే ఎరుక. పనిముట్టు మూలపడితే పడనీ, దాని పేరుని కాగితం మీదికైనా ఎక్కించాలంటున్నాను.

ఇది కొత్త పనేం కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరి వ్యవసాయ పదాల్ని సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా 1962లోనే వెలువరించారు. ఆ దారిలో మనం నాలుగడుగులైనా వెయ్యలేమా? పల్లెల నుంచి వచ్చినవాళ్ళం ఇక్కడ ఇంతమందిమున్నాం. వేసవి సెలవుల్లో తలా యాభై మాటలు, చెప్పినవారి పేరూ ఊరూ వేసి రాసుకొద్దాం. యూనియన్ ఒక నోటుపుస్తకం కొని లైబ్రరీలో పెడితే చాలు, చందాలక్కర్లేదు. అడగాల్సిన పెద్దలు ఇంకా అరుగుల మీదే ఉన్నారు. ఎల్లకాలం ఉండరు.