ఆయాసం పిల్లవాడికి ఏ దిండు?

తెనాలి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం ముందుగా తీసుకుంటున్నాను. నాలుగు పేజీల ఉత్తరం. సారాంశం ఇది:

"మా పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. ముసురు పట్టిందంటే చాలు, రాత్రి రెండు మూడు గంటలవేళ లేచి కూర్చుంటాడు. దగ్గు, పిల్లికూతలు. తెల్లవారి బడికి వెళ్ళేసరికి మామూలుగానే ఉంటాడు. ఉబ్బసమని చెప్పి మా డాక్టరుగారు రోజూ పీల్చే మందు వ్రాసిచ్చారు. పక్కమీది దుమ్ము పడటంలేదేమో, దిళ్ళు చూసుకోండి అన్నారు. మా ఇంట్లో ఉన్నవి నా పెళ్ళినాటి బూరుగుదూది దిళ్ళు. పన్నెండేళ్ళయింది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు మొన్న వస్తూ బాతునూగు దిండు ఒకటి తెచ్చాడు. పక్షి ఈకలు ఆయాసానికి చేటు, పిల్లవాడి దగ్గరికి రానివ్వనంటారు మా అత్తగారు. ఏ దిండు మంచిది? దిండు మారిస్తే మందు మానవచ్చునా? అన్నట్టు, మూడు నెలల చంటిదానికి తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు వేస్తున్నాము. అది మంచిదేనా?"

ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. ఆ ఆవాల దిండు ఈ రోజే తీసెయ్యండి. ఏడాది నిండని బిడ్డకి ఏ దిండూ వద్దు. ఆవాలదీ వద్దు, దూదిదీ వద్దు. మెడ తిప్పుకునే బలంలేని పసికందు ముక్కు దిండులో కూరుకుపోతే ఊపిరాడదు, ఏడవడానికి కూడా వీలుండదు. చదునైన, గట్టి పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టండి. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా ఆడించండి, ఎత్తుకోండి. ఒకవైపే చూస్తూ పడుకునే బిడ్డకి ఆ వైపు నొక్కుకుపోయినా, నెలలు గడిచి కూర్చోవడం నేర్చేసరికి చాలామందిలో సర్దుకుంటుంది.

ఇక పెద్దవాడి సంగతి. అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యదగింది కాదు. ఈకలు పడనివారు కొందరుంటారు. పావురాలు, చిలకలు పెంచే ఇళ్ళలో అది చూస్తుంటాము. కాని మన ఇళ్ళలో పక్కమీది దుమ్ము వల్ల వచ్చే ఆయాసానికి సాధారణంగా దోషి ఈకా కాదు, దూదీ కాదు. ఆ దుమ్ములో బ్రతికే పురుగు. ఇది నల్లి కాదు, కుట్టదు, కంటికి కనబడదు. మిల్లీమీటరులో మూడోవంతు ఉంటుంది. సాలెపురుగు జాతిది, ఎనిమిది కాళ్ళు. ఇంటి దుమ్ము పడకపోవడానికి ఈ పురుగే ముఖ్యకారణమని 1964లో హాలెండులోని లైడెన్‌లో పరిశోధకులు చెప్పారు. మన ఒంటినుంచి రోజూ రాలే చర్మపు పొట్టు దాని తిండి. అది నీళ్ళు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. చెమట, తలనూనె, ఊపిరి వెచ్చదనం, ముసురు రోజుల చెమ్మ అన్నీ ఒక్కచోట దొరికేది దిండులోనే. పిల్లవాడి ముక్కు రాత్రి ఎనిమిది గంటలపాటు ఆనుకుని ఉండేది కూడా దానికే.

పురుగుకన్న దాని రెట్ట ఎక్కువ బాధ పెడుతుంది. అంచేత ఎండలో పెడితే చాలనుకోకండి. ఎండకి తేమ ఆరుతుంది, పురుగు తగ్గుతుంది. రెట్ట మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని వదిలించాలంటే ఉతకాలి. దిండుని ఉతకలేము కనుక, లోపలిది బయటికి రాకుండా పైగుడ్డతో కట్టడి చెయ్యాలి.

అసలు కీలకం ఈ పైగుడ్డలోనే ఉంది. 1990లలో ఇంగ్లండులోనూ న్యూజీలాండులోనూ దిళ్ళమీద పరిశోధనలు చేశారు. ఈకల దిండు వదిలి కృత్రిమ దూది దిండు వాడేవారికే మేలని అంతవరకు వైద్యులం చెబుతూ వచ్చాము. తీరా చూస్తే, కృత్రిమ దూది దిళ్ళలోనే ఈ పురుగు తాలూకు పదార్థం ఎక్కువగా కనబడింది! దీనికి చెప్పిన కారణం తేలికైనది. ఈకలు పొడుచుకుని బయటికి రాకుండా ఆ దిళ్ళకి చాలా చిక్కగా నేసిన గుడ్డ వేస్తారు. ఆ నేతలోంచి పురుగు అటూ ఇటూ తిరగలేదు. చౌక దిళ్ళకి పలచని గుడ్డ వేస్తారు. కనుక బూరుగుదూదా, బాతునూగా అని తగవు పడేముందు, రెండింటి పైగుడ్డా వెలుగుకి ఎత్తిపట్టి చూడండి. సూదిమొనంత వెలుగు చుక్కలు కనబడితే ఆ గుడ్డ పనికిరాదు.

మీ పెళ్ళినాటి దిళ్ళు మాత్రం పిల్లవాడికి వద్దు. పుట్టింటివారిచ్చినవి, మనసొప్పదని తెలుసు. కాని బూరుగుదూది పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది. అందుకే కొత్తలో అంత తేలిక, అంత మెత్తన. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పోగు పెళుసెక్కి విరిగి పొడి అవుతుంది. పత్తిదూదిని మళ్ళీ ఏకించుకోవచ్చు, బూరుగుదూదికి ఆ యోగం లేదు. దిండుని తడితే పొడి లేస్తున్నా, చేత్తో నొక్కి వదిలితే పైకి లేవకపోయినా దాని ఆయుష్షు తీరినట్టే. నా మటుకు నేను బూరుగుదూది దిండుకి మూడేళ్ళు లెక్క వేస్తాను. తలకి నూనె బాగా రాసుకునేవారింట్లో రెండే. పాత దూదికి కొత్త గుడ్డ తొడిగి కొత్త దిండనుకోవడం మనకి అలవాటు. ఆయాసం పిల్లవాడి విషయంలో అది చెయ్యకండి.

కొత్తది కుట్టించేటప్పుడు దూది మీరే చేత్తో చూసి తీసుకోండి. బూరుగుదూది లేత మీగడరంగులో నిగనిగలాడుతుంది. వేళ్ళ మధ్య నులిమితే పత్తిలాగా పోగు సాగదు, జారిపోతుంది. నల్లని గింజలూ, కాయ తొక్కలూ ఉంటే ఏరించాలి. నింపే పని పిల్లవాడు ఇంట్లో లేనప్పుడు పెట్టుకోండి. చిక్కని చారల గుడ్డతో దిండు, దానిమీద మూసి కుట్టిన లోపలి తొడుగు ఒకటి, దానిమీద గలీబు. గలీబు వారానికొకసారి, లోపలి తొడుగు నెలకొకసారి, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో నానబెట్టి ఉతకండి. అరవై డిగ్రీల వేడికి పురుగు చస్తుంది, రెట్ట నీళ్ళతో పోతుంది. చన్నీళ్ళలో జాడిస్తే పురుగు మహారాజులాగా బ్రతికే ఉంటుంది. దిండుని మాత్రం తడపకండి. ఉండలు కట్టి, లోపల ఆరక బూజు పడుతుంది.

వారానికొకరోజు ఎండలో రెండువైపులా తిప్పి పెట్టి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చెయ్యండి. మంచు పడేదాకా డాబామీద వదిలేస్తే ఎండబెట్టిన ఫలితం పోతుంది. దిండు దులిపే పని ముక్కుకి గుడ్డ కట్టుకుని పెద్దవాళ్ళు చెయ్యాలి, పిల్లవాడు కాదు. తలంటుకున్న రోజు జుట్టు పూర్తిగా ఆరాకే పడుకోబెట్టండి. దిండులో కలరా ఉండలు వెయ్యకండి, పురుగుల మందు కొట్టకండి. కలరా ఉండల వాసనే కొందరు పసిబిడ్డలకి రక్తం విరిగి పచ్చకామెర్లు తెస్తుంది. మీ ఇంట్లో చంటిది ఉందని మరిచిపోవద్దు. దానికి పట్టే సాంబ్రాణి పొగ, రాత్రి దోమల చుట్ట పొగ కూడా పెద్దవాడి ఆయాసాన్ని రేపుతాయి. వాటి బదులు దోమతెర కట్టండి.

మందు మానవచ్చునా అన్నారు. మానకూడదు. ఈ విషయంలో నేను మొహమాటపడను. పక్కబట్టలకి పురుగు చొరని తొడుగులు వేసినంత మాత్రాన పెద్దవారి ఉబ్బసం తగ్గదని 2003లో ఇంగ్లండులో వెయ్యిమందికి పైగా రోగులమీద చేసిన పరీక్షలో తేలింది. దిండు జాగ్రత్త మందుకి తోడే గాని బదులు కాదు. పీల్చే మందు అలవాటైపోతుందనీ, ఆఖరి దశలో వాడేదనీ మన ఊళ్ళలో ఒక అపోహ ఉంది. అది మత్తుమందు కాదు, అలవాటు పడటమంటూ లేదు. సూటిగా ఊపిరితిత్తులకి వెళ్ళేది కనుక చాలా కొద్ది మోతాదు సరిపోతుంది. పీల్చాక నోరు పుక్కిలించమనండి. ఎప్పుడు తగ్గించాలో మీ డాక్టరుగారే చెబుతారు. ఏ రాత్రయినా డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిచెయ్యలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి. దగ్గర మందు ఉంటే పీల్పిస్తూనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రాజమండ్రి నుంచి ఒక గుమాస్తాగారు దిండు గురించే అడిగారు. పొద్దున్న లేచేసరికి మెడ పట్టేస్తోందట, రెండు దిళ్ళు వేసుకుంటున్నారట. ఒకటి తీసెయ్యండి. పక్కకి తిరిగి పడుకునేవారికి భుజానికీ చెవికీ మధ్య సందు నిండేంత ఎత్తు చాలు. వెల్లకిలా పడుకునేవారికి అంతకన్న తక్కువ. నులకమంచం సాగి గుంటపడి ఉంటే దిండెన్ని మార్చినా లాభం లేదు, ముందు నులక బిగించండి. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా డాక్టరుకి చూపించుకోవాలి.

మళ్ళీ తెనాలికి వస్తాను. మీ తమ్ముడు తెచ్చిన బాతునూగు దిండు పారెయ్యనక్కర్లేదు. బాతు పొట్ట కింది ఆ నూగు చలిదేశాల్లో వెచ్చదనానికి పనికివచ్చేది, మన వేసవిలో చెవులు ఉడికిపోతాయి. పిల్లవాడికి పడుతుందో పడదో తెలియకుండా ప్రయోగాలెందుకు? చలికాలం పెద్దవాళ్ళు ఎవరైనా వాడుకోండి. రోజూ పొద్దున్నే రెండు కొసలూ పట్టి దులిపితే నూగు విడిపోయి మళ్ళీ ఉబ్బుతుంది. మండుటెండ వద్దు, గాలి తగిలే నీడలో పెట్టండి. మధ్యకి మడిచి వదిలితే తిరిగి విచ్చుకోకపోయిన రోజున మార్చేసే సమయం వచ్చినట్టు. ముందుగా మీ అత్తగారికే ఇచ్చి చూడండి. ఆవిడకి ఆయాసం లేదు గదా, వీపువెనక పెట్టుకుని కూర్చోవడానికి అంతకన్న మెత్తనిది దొరకదు.